పాఠ్యభాగం 7: మైక్రోకంట్రోలర్ కాన్ఫిగరేషన్ అమరికలు - చారిత్రక పరిణామం

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
- మైక్రోకంట్రోలర్‌లో కొన్ని అమరికలు ప్రోగ్రామ్‌లో కాకుండా ప్రత్యేకంగా ఎందుకు ఉంటాయో వివరించగలుగుతారు.
- 'ఫ్యూజు', 'బర్న్' అనే మాటలు ఈ రంగంలోకి ఎలా వచ్చాయో చెప్పగలుగుతారు.
- అమరికలలో 0, 1 అంకెల అర్థాన్ని సరిగా గ్రహించగలుగుతారు.
- వెనక్కి తీసుకోగల అమరికకూ, తీసుకోలేని అమరికకూ తేడా గుర్తించగలుగుతారు.

7.1 పరిచయం

ఇంట్లో దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోతే మనం మొదట అనే మాట 'ఫ్యూజు పోయింది' అని. పింగాణీ పట్టీ ఊడదీసి చూస్తే సన్నని తీగ కాలిపోయి ఉంటుంది. కాలిన తీగ మళ్ళీ అతకదు, కొత్త తీగ వేయాల్సిందే. ఫ్యూజు అనే మాటకు మనకు తెలిసిన అర్థం ఇదే.

ఇప్పుడు మీరు ఏవీఆర్ కుటుంబానికి చెందిన ఒక మైక్రోకంట్రోలర్‌ను ప్రోగ్రామ్ చేయబోతున్నారనుకోండి. దాని వివరణ పత్రంలో 'ఫ్యూజు బిట్లు' అని ఒక అధ్యాయం కనిపిస్తుంది. అది చదువుతుంటే మూడు సందేహాలు కలుగుతాయి. ఒకటి, ఇక్కడ ఏ తీగా కాలదు, ఈ ఫ్యూజులను ఎన్నిసార్లయినా మార్చవచ్చు. మరి ఫ్యూజు అనే పేరెందుకు? రెండు, అమరిక అమలులో ఉంటే 0 అని, లేకపోతే 1 అని రాశారు. 'అవును' అనడానికి సున్నా ఏమిటి? మూడు, గడియారపు వేగం వంటి సంగతులను మన ప్రోగ్రామ్‌లోనే రాసుకుంటే సరిపోయేది కదా, విడిగా ఎందుకు ఉంచారు?

ఈ మూడు సందేహాలకూ జవాబు చరిత్రలో ఉంది. ఆ చరిత్ర తెలియని విద్యార్థి పట్టికలు బట్టీ పట్టి, ఏదో ఒక రోజు ఒక బిట్టు తప్పుగా రాసి, మంచి చిప్పును చెడిపోయిందనుకొని పారేస్తాడు. అది తెలిసిన విద్యార్థి ఏ తప్పును దిద్దుకోవచ్చో, ఏ తప్పును దిద్దుకోలేమో ముందే తెలుసుకొని పని మొదలుపెడతాడు. ఈ పాఠ్యభాగం ప్రయోజనం అదే.

7.2 నిజంగా కాల్చిన రోజులు

ఈ కథ మైక్రోకంట్రోలర్ల కంటే ముందే మొదలయింది. 1956లో అమెరికాలోని ఆర్మా సంస్థలో పనిచేస్తున్న వెన్ త్సింగ్ చౌ అనే ఇంజనీరుకు ఒక సమస్య ఎదురైంది. ఆయన చైనాలో పుట్టి అమెరికాలో స్థిరపడినవారు. అమెరికా వాయుసేన కోసం తయారవుతున్న అట్లాస్ క్షిపణిలోని కంప్యూటర్‌కు లక్ష్యానికి సంబంధించిన స్థిరాంకాలు ఇవ్వాలి. అవి కంప్యూటర్ తయారయిన తరువాత మారుతుండవచ్చు. కానీ ఒకసారి రాశాక విద్యుత్తు పోయినా, కుదుపులు వచ్చినా చెరిగిపోకూడదు.

చౌ కనుగొన్న ఉపాయం తేలికగా అర్థమవుతుంది. అడ్డం, నిలువు తీగల వలలో ప్రతి కూడలి దగ్గర ఒక డయోడ్ ఉంటుంది. ఏ కూడలి అవసరం లేదో అక్కడ మోతాదుకు మించిన కరెంటు పంపి డయోడ్ లోపలి సన్నని తీగను కాల్చివేస్తారు. మిగిలిన కూడళ్ళు అలాగే ఉంటాయి. కాలినదీ కాలనిదీ కలిసి 0, 1 అంకెల పట్టిక అవుతుంది. ప్రోమ్ అనే స్మృతికి మూలం ఇదే. రక్షణ అవసరాల వల్ల ఈ ఆవిష్కరణ పేటెంటును కొన్ని సంవత్సరాలు రహస్యంగా ఉంచారు.

1970ల ఆరంభానికి ఇదే పద్ధతి సిలికాన్ చిప్పుల మీదకు వచ్చింది. కూడళ్ళలో నైక్రోమ్ వంటి లోహపు సన్నని పట్టీలను వాడారు. ఇంజనీరు తన బల్ల మీద ఒక చిన్న పరికరం పెట్టుకొని, ఖాళీ చిప్పు కొని, తనకు కావలసిన పట్టీలను కాల్చుకునేవాడు. 'ప్రోమ్‌ను బర్న్ చేయడం' అనే మాట ప్రయోగశాలల్లో స్థిరపడింది ఇలాగే. ఆర్డునో సాఫ్ట్‌వేర్‌లో 'బర్న్ బూట్‌లోడర్' అనే ఎంపికను మీరు చూసే ఉంటారు. అందులో కాలేది ఏదీ లేకపోయినా మాట మాత్రం ఆ కాలం నాటిది.

కాల్చడంలో ఒక ఇబ్బంది స్పష్టం. పొరపాటున ఒక్క పట్టీ ఎక్కువ కాలితే ఆ చిప్పు దాదాపు వృథా అయినట్లే. అయితే దీనికి విరుద్ధమైన ఇబ్బంది కూడా ఎదురైంది. కొన్ని నైక్రోమ్ చిప్పుల్లో, సరిగా తెగని పట్టీ కొంతకాలం తరువాత మళ్ళీ అతుక్కునేది. తెగిందనుకున్నది తెగకపోవడం, యంత్రం పనిచేస్తుండగా ఒక బిట్టు మారిపోవడం ఇంజనీర్లను బాగా వేధించాయి.

7.3 ఆర్డరు ఫారంలోని అమరికలు

ఒకే చిప్పులో ప్రాసెసర్, స్మృతి, ఇన్‌పుట్-అవుట్‌పుట్ మార్గాలు అన్నీ ఉండేదే మైక్రోకంట్రోలర్ అని మీరు ముందు పాఠ్యభాగాల్లో చదివారు. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ 1974లో అమ్మకానికి తెచ్చిన టీఎంఎస్1000 ఈ రకంలో తొలి చిప్పులలో ఒకటి. 1976లో ఇంటెల్ 8048 వచ్చింది. 1981 నాటి ఐబీఎం పీసీ కీబోర్డు లోపల మీటల నొక్కులను గుర్తించిన చిప్పు 8048యే.

ఈ చిప్పుల్లో ప్రోగ్రామ్‌ను రాసేది ఇంజనీరు, కానీ చిప్పులో ఎక్కించేది కర్మాగారం. తయారీలో వాడే మాస్క్‌లోనే, అంటే అచ్చు పలకలోనే, ప్రోగ్రామ్‌ను చెక్కేవారు. అందుకే దీనిని మాస్క్ రోమ్ అంటారు. వేల సంఖ్యలో కొంటే ఒక్కొక్క చిప్పు చౌకగా వచ్చేది. కానీ ప్రోగ్రామ్‌లో ఒక తప్పు దొర్లితే ఆ దఫా చిప్పులన్నీ చెత్తబుట్టకే.

ఇక్కడ మీరు గమనించవలసిన విషయం ఒకటి ఉంది. కర్మాగారానికి ప్రోగ్రామ్ ఒక్కటే ఇస్తే సరిపోదు. చిప్పు ఏ రకం గడియారంతో నడవాలి? ఖచ్చితమైన క్వార్ట్జ్ స్ఫటికంతోనా, చౌక అయిన నిరోధకంతోనా? టైమరుకు లెక్క ఎక్కడి నుంచి రావాలి? విద్యుత్తు వోల్టేజి పడిపోతే చిప్పు తనంతట తాను ఆగాలా? ఉదాహరణకు మోటరోలా 6805 కుటుంబంలో ఇటువంటి ఎంపికలను 'మాస్క్ ఆప్షన్లు' అనేవారు. కొనుగోలుదారు వీటిని ముందుగా ఆర్డరులోనే తెలియజేయాలి. కర్మాగారం వాటిని సిలికాన్‌లో స్థిరపరిచేది.

అంటే నేటి కాన్ఫిగరేషన్ బిట్ల తొలి రూపం ఒక ఆర్డరు ఫారం. చిప్పు పుట్టకముందే తీసుకున్న నిర్ణయాలు అవి. కాబట్టి ప్రోగ్రామ్‌లో వాటికి చోటు లేదు.

వీటిని ప్రోగ్రామ్‌లో ఎందుకు పెట్టలేమో సాంకేతికంగా కూడా ఆలోచించండి. ప్రోగ్రామ్‌లోని మొదటి ఆదేశం అమలు కావాలంటే అప్పటికే గడియారం నడుస్తుండాలి. 'స్ఫటికపు గడియారాన్ని వాడు' అని మొదటి ఆదేశంలో రాస్తే, ఆ ఆదేశాన్ని చదవడానికి ఏ గడియారం వాడాలి? తలుపు తెరిచే తాళంచెవిని ఇంటి లోపల పెట్టి తాళం వేసినట్లు ఉంటుంది. అందుకే మొదటి ఆదేశం కంటే ముందే తెలియవలసిన సంగతులను ప్రోగ్రామ్ వెలుపల ఉంచవలసి వచ్చింది. నేటి చిప్పుల్లో చాలావాటిలో ప్రోగ్రామ్ మొదలయ్యాక గడియారాన్ని మార్చుకోవచ్చు. అయినా ఏదో ఒక గడియారంతో మొదలు కాక తప్పదు.

అమరికను తెలిపే మరో పద్ధతి బోర్డు మీద తీగతో కలపడం. మన పాలిటెక్నిక్, ఇంజనీరింగు కళాశాలల ప్రయోగశాలల్లో ఏళ్ళ తరబడి వాడుతున్న 8051 చిప్పును ఇంటెల్ 1980లో విడుదల చేసింది. దానికి ఈఏ అని ఒక పిన్ను ఉంటుంది. దానిని 5 వోల్టులకు కలిపితే చిప్పు లోపలి ప్రోగ్రామ్ స్మృతి నుంచి పని మొదలుపెడుతుంది. భూమికి, అంటే గ్రౌండుకు కలిపితే బయటి స్మృతి నుంచి చదువుతుంది. ఇదీ కాన్ఫిగరేషన్ అమరికే. బిట్టుకు బదులు ఒక తీగ ముక్క ఆ పని చేస్తోంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి - I

గమనిక: మీ జవాబులను విడిగా రాసుకొని, పాఠ్యభాగం చివర ఇచ్చిన జవాబులతో పోల్చుకోండి.

1. 'బర్న్ చేయడం' అనే మాట ఏ స్మృతి వల్ల వాడుకలోకి వచ్చింది?
2. గడియారం ఎంపికను ప్రోగ్రామ్‌లోని మొదటి ఆదేశంగా ఎందుకు రాయలేం?

7.4 చెరిపే వీలు వచ్చింది

1970-71లో ఇంటెల్ సంస్థలో డోవ్ ఫ్రోమాన్ కొన్ని చెడిపోయిన చిప్పులను పరిశీలిస్తున్నారు. వాటిలో ట్రాన్సిస్టర్ గేట్లు తెగి, ఎటూ కలవకుండా ఉండిపోయాయి. అలా ఒంటరిగా తేలియాడే గేటు మీద ఆవేశం నిలిచిపోతుందని ఆయన గ్రహించి, ఆ లోపాన్నే స్మృతిగా మార్చవచ్చని ఆలోచించారు. ఫలితంగా 1971లో 1702 అనే ఈప్రోమ్ చిప్పు వెలువడింది. దాని సామర్థ్యం 2048 బిట్లు. చిప్పు పైన చిన్న క్వార్ట్జ్ కిటికీ ఉంటుంది. అతినీలలోహిత దీపం కింద పదిహేను, ఇరవై నిమిషాలు పెడితే నిలిచి ఉన్న ఆవేశం తొలగిపోయి స్మృతి ఖాళీ అవుతుంది. ఎండ పడి క్రమంగా చెరిగిపోకుండా ఆ కిటికీ మీద కాగితపు చీటీ అంటించేవారు.

ఇక్కడే మన రెండో సందేహానికి జవాబు ఉంది. తరువాత ప్రామాణికంగా నిలిచిన 2708 వంటి ఈప్రోమ్‌లలో చెరిపిన గడి 1 అని చదవబడుతుంది. గేటు మీద ఎలక్ట్రాన్లను నింపితే ట్రాన్సిస్టర్ మూసుకొని ఆ గడి 0 అవుతుంది. అంటే ఖాళీ పలక మీద ఉన్నవన్నీ 1లే. మనం 'రాయడం' అంటే కొన్ని 1లను 0లుగా మార్చడం. కాబట్టి 0 అంటే 'ఇక్కడ ఎవరో చేయి పెట్టి రాశారు' అని, 1 అంటే 'ఇంకా ఎవరూ ముట్టుకోలేదు' అని అర్థం. ఏవీఆర్ వివరణ పత్రంలో 0ని 'ప్రోగ్రామ్ చేసినది' అనడం ఈ సంప్రదాయమే. దీనిలో తర్కం తలకిందులు కాలేదు. మనం 0ని 'కాదు' అని అనువదించుకోవడం వల్లనే తికమక కలుగుతుంది.

8048కు తోడుగా ఈప్రోమ్ గల 8748ని ఇంటెల్ తెచ్చింది. ఇంజనీరు తన బల్ల మీదే ప్రోగ్రామ్ రాసి, పరీక్షించి, తప్పు ఉంటే చెరిపి మళ్ళీ రాసేవాడు. అంతా సరిపోయాక మాస్క్ రోమ్‌కు ఆర్డరు ఇచ్చేవాడు.

ఇదే దారిలో మోటరోలా 6805 కుటుంబంలోనూ ఈప్రోమ్ చిప్పు 68705పి3 వచ్చినప్పుడు ఒక ప్రశ్న తలెత్తింది. ప్రోగ్రామ్‌ను బల్ల మీద మార్చుకోవచ్చు సరే, మరి ఆర్డరు ఫారంలోని ఎంపికల సంగతి? వాటిని కూడా పరీక్షించి చూడాలి కదా. దానికి వారు ఈప్రోమ్‌లోనే ఒక బైటును కేటాయించి, 'మాస్క్ ఆప్షన్ రిజిస్టర్' అని పేరు పెట్టారు. గడియారం స్ఫటికమా, నిరోధకమా, టైమరు ఎలా లెక్కించాలి అనే ఎంపికలు ఆ బైటులో ఉంటాయి. పేరులోనే చరిత్ర ఉంది చూడండి: కర్మాగారపు ఆర్డరు ఫారం చిప్పులోని ఒక బైటుగా మారింది. నిర్ణయం తీసుకునే చోటు కర్మాగారం నుంచి ఇంజనీరు బల్ల మీదకు వచ్చింది.

7.5 తాళం ఎందుకు వచ్చింది

చెరిపి రాయగల చిప్పును చదవడం కూడా సులభమే. ఒకరు నెలల తరబడి శ్రమించి రాసిన ప్రోగ్రామ్‌ను మరొకరు నిమిషాల్లో చదివి నకలు చేసుకోవచ్చు. కాబట్టి 'రాయనివ్వు' అనే సౌకర్యం రాగానే 'చదవనివ్వకు' అనే అవసరం పుట్టింది.

1978లో మోనోలిథిక్ మెమరీస్ సంస్థ పాల్ అనే తర్కపు చిప్పులను తెచ్చింది. వాటిలో పట్టీలను కాల్చి కావలసిన తర్క వలయాన్ని తయారుచేసుకుంటారు. ఈ కుటుంబపు చిప్పుల్లో 'సెక్యూరిటీ ఫ్యూజు' అని ఒకటి ఉండేది. దానిని చివరగా కాలిస్తే లోపలి అమరికను ఇక ఎవరూ బయటి నుంచి చదవలేరు. 8051 కుటుంబంలోని ఈప్రోమ్ చిప్పు 8751లో ఇదే పనికి ఒక సెక్యూరిటీ బిట్టు వచ్చింది. దానిని అమర్చితే బయటి నుంచి చదవడం ఆగిపోతుంది. ఈప్రోమ్‌ను మొత్తం చెరిపితేనే తాళం కూడా తొలగుతుంది. అంటే తాళం తీయవచ్చు, కానీ తీసేసరికి లోపలి సొమ్ము ఉండదు. నేటి చిప్పుల్లోని 'లాక్ బిట్ల' సూత్రం ఇదే.

అయితే అన్ని తాళాలూ ఇలా లేవు. కిటికీ గల కొన్ని పీఐసీ చిప్పుల్లో ప్రోగ్రామ్ రక్షణ బిట్టును ఒకసారి అమర్చితే అతినీలలోహిత దీపంతో కూడా చెరగదు. కిటికీ చిప్పులకు రక్షణ బిట్టు పెట్టవద్దని తయారీదారు మైక్రోచిప్ సంస్థే సలహా ఇచ్చింది. పదేపదే వాడుకోవడానికి ఎక్కువ ధర పెట్టి కొన్న చిప్పు ఒక్క బిట్టు వల్ల ఒకసారి వాడే చిప్పుగా మిగిలిపోయేది. ఏ అమరిక వెనక్కి వస్తుందో, ఏది రాదో ముందే చదువుకోవాలని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అక్కర్లేదు.

7.6 కిటికీ పోయింది, ఫ్యూజు అనే పేరు మిగిలింది

విద్యుత్తుతోనే చెరపగల ఈఈప్రోమ్ రావడంతో దీపం, కిటికీ అవసరం తప్పింది. ఇంటెల్‌లో ఇటువంటి స్మృతి చిప్పుల మీద పనిచేసిన జార్జ్ పెర్లెగోస్ 1984లో ఆట్మెల్ సంస్థను స్థాపించారు. అదే సంవత్సరం జపాన్‌కు చెందిన తోషిబా సంస్థలో ఫుజియో మసువోకా ఫ్లాష్ స్మృతిని ప్రపంచానికి పరిచయం చేశారు. స్మృతిని పెద్ద భాగాలుగా ఒకేసారి చెరిపే ఈ పద్ధతి తరువాతి మైక్రోకంట్రోలర్లకు ఆధారమయింది.

1993లో మైక్రోచిప్ సంస్థ పీఐసీ16సీ84ను తెచ్చింది. ప్రోగ్రామ్ స్మృతి ఈఈప్రోమ్ కావడంతో దీనిని బల్ల మీద క్షణాల్లో చెరిపి రాయవచ్చు. విద్యార్థులు, అభిరుచితో పనిచేసేవారు దీనిని ఎంతో ఆదరించారు. ఈ కుటుంబంలో కాన్ఫిగరేషన్ పదం హెక్సాడెసిమల్ పద్ధతిలో 2007 అనే చిరునామాలో ఉంటుంది. మామూలు ప్రోగ్రామ్ ఆ చిరునామాను చేరుకోలేదు. ప్రోగ్రామర్ పరికరమే చేరుకోగలదు. ఆర్డరు ఫారం కర్మాగారంలో ఉండేది కదా, ఇప్పటికీ అది ప్రోగ్రామ్‌కు అందని చోటే ఉంది.

దీని తరువాత వచ్చిన పీఐసీ16ఎఫ్84లో ఏ అమరికా రాయకుండా వదిలేస్తే ఏమవుతుందో చూద్దాం. అన్నీ 1లే కాబట్టి గడియారం నిరోధకపు రకంగా ఎంపికవుతుంది, వాచ్‌డాగ్ టైమర్ అమలులో ఉంటుంది. మీరు బోర్డు మీద స్ఫటికం పెట్టి ఉంటే గడియారం సరిగా నడవదు. గడియారం ఎంపిక దిద్దినా, వాచ్‌డాగ్‌ను మరిచిపోతే మరో చిక్కు ఉంటుంది. ప్రోగ్రామ్ దానిని ఎప్పటికప్పుడు సున్నా చేయకపోతే సుమారు 2.3 సెకన్లకొకసారి చిప్పు మొదటికి వస్తుంది. దీపం వెలిగి ఆరే ప్రోగ్రామ్ మధ్యలో తెగిపోతుంటే విద్యార్థి తన ప్రోగ్రామ్‌లో తప్పు వెతుకుతూ కూర్చుంటాడు. తప్పు ప్రోగ్రామ్‌లో లేదు, ప్రోగ్రామ్ వెలుపల ఉంది.

ఇక ఏవీఆర్ సంగతి. నార్వేలోని ట్రోండ్‌హైమ్‌లో చదువుకుంటున్న ఆల్ఫ్-ఎగిల్ బోగెన్, వేగార్డ్ వోలన్ అనే ఇద్దరు విద్యార్థుల ఆలోచన ఆట్మెల్ సంస్థకు చేరి, 1990ల రెండో సగంలో ఏవీఆర్ చిప్పులుగా వెలువడింది. ఇవి ఫ్లాష్ స్మృతి గల మైక్రోకంట్రోలర్లు. వీటి అమరిక గడులు చెరిపి మళ్ళీ రాయగలిగినవే. అయినా వాటికి 'ఫ్యూజు బిట్లు' అనే పేరే నిలిచింది. పాత రోజుల్లో పట్టీ కాల్చి తీసుకున్న నిర్ణయాల స్థానంలో ఇవి వచ్చాయి కాబట్టి పాత పేరు కొనసాగింది. మన మొదటి సందేహానికి ఇదే జవాబు.

ఒక పాత చిప్పు అలవాటు కొత్త చిప్పులో అమరికగా మిగలడం కూడా ఇక్కడే చూస్తాం. ఏటీమెగా103 స్థానంలో ఏటీమెగా128ను తెచ్చినప్పుడు, పాత బోర్డులు కూడా పనిచేయాలని పాత చిప్పులా ప్రవర్తించే ఒక ఫ్యూజును పెట్టారు. కర్మాగారం నుంచి చిప్పు ఆ ఫ్యూజు అమలులో ఉండగానే వచ్చేది. అది తెలియనివారికి కొత్త చిప్పులోని కొత్త సౌకర్యాలు పనిచేయనట్లు కనిపించేవి. అలాగే ఏటీమెగా16, ఏటీమెగా32 చిప్పుల్లో పోర్ట్ సి లోని నాలుగు పిన్నులు జేటాగ్ అనే పరీక్షా సౌకర్యానికి ముందుగానే కేటాయించి ఉంటాయి. ఆ ఫ్యూజును తొలగించకుండా ఆ నాలుగు పిన్నులకు దీపాలు కలిపి, 'పోర్టు పోయింది' అనుకోవడం ప్రయోగశాలల్లో తరచుగా జరిగే పొరపాటు.

7.7 ఒక బైటును చదివి చూద్దాం

2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో ఒక డిజైన్ విద్యాసంస్థలో ఆర్డునో మొదలయింది. ఆర్డునో ఊనో బోర్డు మీద ఉండే చిప్పు ఏటీమెగా328పి. ఆ చిప్పును బోర్డుతో కాకుండా విడిగా కొంటే, దాని మొదటి ఫ్యూజు బైటు ఇలా ఉంటుంది: 01100010. ఎడమ నుంచి కుడికి చదవండి.

- మొదటి 0: గడియారాన్ని 8తో భాగించే అమరిక అమలులో ఉంది.
- తరువాతి 1: గడియారాన్ని ఒక పిన్ను ద్వారా బయటకు పంపే అమరిక అమలులో లేదు.
- తరువాతి 10: చిప్పు లేచి పని మొదలుపెట్టడానికి ఇచ్చే వ్యవధి.
- చివరి 0010: చిప్పు లోపలి 8 మెగాహెర్ట్జ్ గడియారం ఎంపికయింది.

మొదటి రెండు బిట్లలో 0 అంటే 'అమలులో ఉంది' అని అర్థం. కానీ చివరి నాలుగు బిట్లు కలిసి ఒక సంకేతం. అందులో ఒక్కొక్క బిట్టుకు విడిగా 'అవును, కాదు' అనే అర్థం ఉండదు. ఈ తేడా గుర్తుంచుకోండి.

8 మెగాహెర్ట్జ్‌ను 8తో భాగిస్తే 1 మెగాహెర్ట్జ్. ఊనో బోర్డు మీద మాత్రం ఇదే బైటు 11111111. భాగించడం లేదు, బయటి స్ఫటికం ఎంపికయింది, వేగం 16 మెగాహెర్ట్జ్. కాబట్టి ఊనో కోసం తయారుచేసిన ప్రోగ్రామ్‌ను కొత్త చిప్పులో అలాగే ఎక్కిస్తే ఒక సెకను ఆగవలసిన చోట 16 సెకన్లు ఆగుతుంది. చిప్పు నెమ్మదించలేదు, కర్మాగారం ఇచ్చిన అమరికను పాటిస్తోంది.

ఇప్పుడు వ్యతిరేక సందర్భం చూడండి. స్ఫటికం లేని బోర్డు మీద చిప్పును పెట్టి, స్ఫటికపు గడియారాన్ని ఎంపిక చేశారు. అంతటితో చిప్పు పలకదు. ప్రోగ్రామర్ పరికరంతో సరిదిద్దుదామన్నా వీలుకాదు. ఎందుకంటే ఆ పరికరంతో సంభాషించడానికి కూడా చిప్పుకు గడియారం కావాలి. చాలామంది ఇక్కడ చిప్పు చచ్చిపోయిందని పారేస్తారు. అది బతికే ఉంది. దాని గడియారపు పిన్నుకు స్ఫటికం కలిపినా, బయటి నుంచి గడియారపు సంకేతం ఇచ్చినా మళ్ళీ పలుకుతుంది, అప్పుడు ఫ్యూజును దిద్దవచ్చు.

దీనికంటే జటిలమైనది రీసెట్ పిన్నును మామూలు పిన్నుగా మార్చే ఫ్యూజు. దానిని అమర్చితే మామూలు ప్రోగ్రామర్ పరికరం ఇక చిప్పును చేరుకోలేదు, ఎందుకంటే అది ప్రవేశించే తలుపు రీసెట్ పిన్నే. 12 వోల్టుల ప్రత్యేక పద్ధతిలో ప్రోగ్రామ్ చేసే పరికరం ఉంటేనే దిద్దగలం.

మీ ప్రగతిని సరిచూసుకోండి - II

3. ఏవీఆర్‌లో ఒక ఫ్యూజు బిట్టు 0 అని ఉంటే దాని అర్థం ఏమిటి? ఆ సంప్రదాయానికి కారణం ఏమిటి?
4. తప్పు గడియారం ఎంపిక చేయడం వల్ల పలకని ఏవీఆర్ చిప్పును ఎలా తిరిగి పనిచేయించవచ్చు?

7.8 మళ్ళీ కాల్చడం మొదలయింది

చరిత్ర ఇక్కడితో ఆగలేదు. పరికరాలు ఇంటర్నెట్‌కు కలిసిన తరువాత, ఎవరు పడితే వారు లోపలి ప్రోగ్రామ్‌ను మార్చకుండా చూడాలనే ఒత్తిడి పెరిగింది. చెరపగల తాళం చాలదనిపించింది. 2004లో ఐబీఎం 'ఈఫ్యూజు' అనే సాంకేతికతను ప్రకటించింది. చిప్పు లోపలి అతిసూక్ష్మమైన పట్టీని విద్యుత్తుతో శాశ్వతంగా మార్చివేయడం ఇందులోని పద్ధతి. 2005లో వచ్చిన ఎక్స్‌బాక్స్ 360 ఆట యంత్రపు ప్రాసెసర్‌లో ఇటువంటి ఫ్యూజులు ఉన్నాయి. భద్రతకు సంబంధించిన కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కినప్పుడు ఒక ఫ్యూజు కాలుతుంది, ఆ తరువాత పాత సాఫ్ట్‌వేర్‌కు తిరిగి వెళ్ళడం కుదరదు.

2016లో ఎస్ప్రెస్సిఫ్ సంస్థ తెచ్చిన ఈఎస్‌పీ32 చిప్పులో 1024 ఈఫ్యూజు బిట్లు ఉన్నాయి. ఇక్కడ ఒక హెచ్చరిక. ఇందులో ముట్టుకోని బిట్టు 0, కాల్చిన బిట్టు 1. ఏవీఆర్‌కు ఇది సరిగ్గా వ్యతిరేకం. అంతేకాదు, 1 అయిన బిట్టు మళ్ళీ 0 కాదు. ఎస్‌టీఎం32 కుటుంబంలోని చాలా చిప్పుల్లో చదవకుండా రక్షించే అమరికకు మూడు స్థాయులు ఉంటాయి. మధ్య స్థాయి నుంచి వెనక్కి వస్తే ప్రోగ్రామ్ చెరిగిపోతుంది గాని చిప్పు మిగులుతుంది. పై స్థాయికి, అంటే రెండో స్థాయికి వెళితే సాధారణంగా ఇక వెనక్కి దారి లేదు.

1956లో తీగను కాల్చడం తప్ప మరో మార్గం లేక కాల్చారు. నేడు చెరపడం సాధ్యమై కూడా, కావాలనే కాలుస్తున్నారు. ఇది సాంకేతిక నిర్ణయం మాత్రమే కాదు. విద్యుత్తు మీటరు లెక్కను ఎవరూ మార్చకూడదంటే శాశ్వతమైన తాళం న్యాయమే. కానీ అదే తాళం ఒక వ్యవసాయ పంపు నియంత్రణ పెట్టెకు వేస్తే, తయారీదారు ఆ వ్యాపారం మానుకున్న రోజున రైతు దానిని మరమ్మతు చేయించుకోలేడు. పెట్టె మొత్తాన్ని పారేయాల్సిందే. ఆ బిట్టును రాసే చేయి రేపు మీది కావచ్చు. అందువల్ల 'ఎలా తాళం వేయాలి' అనే ప్రశ్నకు ముందు 'ఎవరి కోసం, ఎంతకాలం కోసం' అనే ప్రశ్న వేసుకోండి.

7.9 ప్రయోగశాలలో పాటించవలసినవి

1. కొత్త చిప్పు చేతికి రాగానే ముందుగా దాని అమరికలను చదివి, నోటు పుస్తకంలో రాసుకోండి. ఆ తరువాతే ఏదైనా మార్చండి.
2. ఒకసారికి ఒక అమరికనే మార్చండి. మార్చాక మళ్ళీ చదివి సరిచూడండి.
3. ఆ చిప్పులో ముట్టుకోని బిట్టు 0నా, 1నా అనేది వివరణ పత్రంలో చూడండి. ఒక కుటుంబపు అలవాటును మరో కుటుంబానికి వర్తింపజేయవద్దు.
4. గడియారాన్ని మార్చేముందు ఆ గడియారం బోర్డు మీద నిజంగా ఉందో లేదో కంటితో చూడండి. 12 మెగాహెర్ట్జ్ కంటే తక్కువ వేగంతో నడిచే ఏవీఆర్ చిప్పులకు ప్రోగ్రామర్ వేగం చిప్పు గడియారంలో నాలుగో వంతు కంటే తక్కువ ఉండాలి.
5. రీసెట్ పిన్ను, తాళం, ఈఫ్యూజు - ఈ మూడింటి జోలికి వెళ్ళేముందు 'ఇది వెనక్కి వస్తుందా? ఎలా వస్తుంది?' అనే ప్రశ్నకు జవాబు రాసుకోండి. జవాబు రాయలేకపోతే ఆగండి.

7.10 సారాంశం

మైక్రోకంట్రోలర్ అమరికలు మొదట కర్మాగారానికి ఇచ్చే ఆర్డరులో ఉండేవి. ప్రోమ్‌లో పట్టీని కాల్చడం వల్ల 'ఫ్యూజు', 'బర్న్' అనే మాటలు వచ్చాయి. ఈప్రోమ్ రాకతో ఆ ఎంపికలు చిప్పులోని ఒక బైటుగా మారి ఇంజనీరు చేతికి అందాయి. చెరిపిన గడి 1గా ఉండటం వల్ల 0 అంటే 'ప్రోగ్రామ్ చేసినది' అనే సంప్రదాయం ఏర్పడింది. మొదటి ఆదేశానికి ముందే తెలియవలసినవి కాబట్టి ఈ అమరికలు ప్రోగ్రామ్ వెలుపల ఉంటాయి. చెరపడం సులభమైన కొద్దీ తాళం అవసరం పెరిగి, చివరికి ఈఫ్యూజు రూపంలో శాశ్వతంగా కాల్చడం తిరిగి వచ్చింది. కాబట్టి ఏ అమరికనైనా మార్చేముందు అది దిద్దుకోగలదా, దిద్దుకోలేనిదా అని తెలుసుకోవడం అవసరం.

7.11 మీ ప్రగతిని సరిచూసుకోండి - జవాబులు

1. ప్రోమ్. అందులో సన్నని తీగలను లేదా లోహపు పట్టీలను కరెంటుతో కాల్చేవారు.
2. మొదటి ఆదేశం అమలు కావడానికే గడియారం కావాలి కాబట్టి.
3. ఆ అమరికను ప్రోగ్రామ్ చేశారని అర్థం. చెరిపిన గడి 1గా చదవబడుతుంది, రాయడం అంటే 1ని 0గా మార్చడం కాబట్టి.
4. చిప్పు గడియారపు పిన్నుకు స్ఫటికాన్ని లేదా బయటి గడియారపు సంకేతాన్ని ఇచ్చి, ఆ తరువాత ఫ్యూజును సరిదిద్దాలి.

7.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో జవాబులు రాయండి.
1. మాస్క్ ఆప్షన్ల నుంచి ఫ్యూజు బిట్ల వరకు జరిగిన పరిణామాన్ని వివరించండి.
2. శాశ్వతమైన తాళాల వల్ల కలిగే లాభనష్టాలను తగిన ఉదాహరణలతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో జవాబులు రాయండి.
1. 8051లోని ఈఏ పిన్ను ఒక కాన్ఫిగరేషన్ అమరిక అని ఎలా చెప్పగలం?
2. 01100010 అనే ఏటీమెగా328పి ఫ్యూజు బైటును విడదీసి వివరించండి.
3. ఏవీఆర్ ఫ్యూజుకూ, ఈఎస్‌పీ32 ఈఫ్యూజుకూ గల తేడాలు రాయండి.